మైసన్న చూసిన దిక్కు

జోడి ఫొటోలల్ల ఆశన్నను కొట్టేటోడు కామారెడ్డిల లేడు. ఈ మాట స్టూడియో సేటు అన్నది గాదు, ఊరోళ్లు అన్నది గాదు. ఆశన్ననే అనుకున్నడు, ముప్పై ఏండ్లసంది అనుకుంటనే ఉన్నడు. సేటు బయట కెమెరా పట్టుకొని పేరు తెచ్చుకుంటుంటె ఆశన్న లోపట ఎర్రలైటు కింద మందునీళ్లల్ల చేతులు నానబెట్టుకున్నడు. కంప్యూటర్లు వచ్చి డార్క్‌రూం తలుపు మూసినంక, అదే స్టూడియోల పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే పని మిగిలింది. మనిషన్నంక దేనిమీదనో ఒకదానిమీద గీర ఉండాలె గదా. ఆశన్నకు జోడి ఫొటోలమీద గీర.

గందుకే డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ చెప్పే కృపాజ్యోతి మేడం స్టూడియో మెట్లెక్కి, "సార్, మా పిల్లలకు ఐదు రోజులు డార్క్‌రూం పని నేర్పుతరా?" అని అడిగితె, ఆశన్న కత్తెర పక్కకు పెట్టి వెనుకకు తిరిగి చూసిండు. సార్ అన్నది ఇంకెవర్నో అనుకున్నడు పాపం.

"గీ జమానల రీళ్ల పని ఎవరికి కావాలె మేడం?"

"మా పిల్లలకే కావాలె సార్. ఫోన్ల వెయ్యి ఫొటోలు దిగుతరు, ఒక్కటన్న చేతుల పట్టుకోలే. వెండి ఉప్పుమీద వెలుగు పడితె ఏమైతదో బోర్డుమీద రాసి రాసి నాకు యాష్టకొచ్చింది. వాండ్లను కండ్లతోటి చూడనియ్యిండ్రి. ఆఖరి రోజు ఫొటోలు గోడకు పెడ్దం. ప్రిన్సిపాల్ సారు వచ్చి మీకు శాలువ కప్పుతరు."

శాలువ మాట ఆశన్న ఇంట్ల రెండుసార్లు చెప్పిండు, చాయ్ హోటల్ల నాలుగుసార్లు చెప్పిండు. ఇంట్ల అటుకమీద గోనెసంచిల కట్టిపెట్టిన, కాయితంమీద బొమ్మ పెద్దగ పడేసే ఎన్లార్జర్‌ను దించి, తుడిచి, ఆటోల ఒళ్లె పెట్టుకొని కాలేజీకి తీస్కపోయిండు. ల్యాబు వెనుక సామాన్ల రూంకు ఒక్కటే కిటికీ. దానికి నల్ల రగ్గు కొట్టిండ్రు. మూడు ట్రేలు, ఒక నీళ్ల బకెటు, ఒక ఎర్రబలుపు. అయిపాయె, డార్క్‌రూం తయారు.

మొదటి రెండు రోజులు పన్నెండు మంది పోరగాండ్లను ఆశన్న మస్తు సతాయించిండు. "ఎర్రలైటు సుత లేదనుకో. కాయితానికి మందు ఏ పక్క ఉన్నదో ఎట్ల ఎరుకైతది? చెప్పుండ్రి," అన్నడు. ఆశన్న కాయితం మూలను తడి పెదువుమీద ఆనిచ్చి చూపిండు. "అంటుకున్నది మందు పక్క. అంటుకోనిది ఉత్త కాయితం. గింతే. దీనికి ఫోన్ల వెతుకుడు వద్దు." పన్నెండు మంది చీకట్ల నిలబడి కాయితాలకు ముద్దులు పెట్టుకుంట ఒకటే నవ్వుడు. నెగెటివ్‌కు మెరిసే పక్క ఒకటి, మెరవని పక్క ఒకటి ఉంటదని, మెరిసేది పైకి ఉండాలెనని, తిప్పి పెడితె కుడి ఎడమ అయితదని కూడ నేర్పిండు. ఆ ముక్క అంత మంచిగ ఎందుకు నేర్పిన్నో అని తర్వాత ఆయనకే అనిపించింది.

మూడో రోజు బుధవారం. ఇండ్లల్ల పాత ఫొటోలుంటె తెమ్మని ఆశన్న ముందే చెప్పి ఉండె. ఒకామె తాత మిలిటరీ ఫొటో తెచ్చింది, ఒకడు అంచులు చెదలు తిన్న పెండ్లి ఫొటో తెచ్చిండు. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సుల వచ్చే హారిక మాత్రం తువ్వాలల చుట్టి ఒక పెద్ద ఫ్రేమే మోసుకొచ్చింది. బల్లమీద పెట్టి తువ్వాల తీసింది.

"అరె, గిది నాది!" అని ఆశన్న స్టూలుమీదికెంచి లేచిండు.

ఫ్రేము తిప్పి చూసిండు. వెనుక అట్టమీద స్టూడియో ముద్ర, దాని కింద ఆయన చేతిరాత. మైసన్న, ఎల్లారెడ్డి, తొంబై రెండు.

"మా తాత సార్. ఈమె మా నాయినమ్మ, సాలవ్వ," అన్నది హారిక.

"రాండ్రి, రాండ్రి, అందరు దగ్గరికి రాండ్రి. దీంట్ల అతుకు ఏడున్నదో పట్టుండ్రి చూద్దాం."

మొగడు పెండ్లాం పక్కపక్కన, ఒకరి దిక్కు ఒకరు కొంచెం మొకం తిప్పి ఉన్నరు. మెడల కింద పొగ కమ్మినట్టు తెల్లగ కలిసిపోయి ఉన్నది. పోరగాండ్లు ముక్కులు అద్దానికి ఆనిచ్చి వెతికిండ్రు. ఒక్కడు కూడ పట్టలే. ఆశన్న మీసం కింద మురిసిపోతున్నడు.

"ఈ ఇద్దరు ఒక్క కెమెరా ముంగట ఎన్నడు కూసోలే. ఆయన బతికున్నప్పుడు ఒంటిగ ఒక్కసారి దిగిండు, ఫొటో ఇంటికి తీస్కపోనే లేదు, నెగెటివే ఉండె. ఆయన పోయి, దినాలు అయినంక ఆమెను తోలుకొచ్చి స్టూడియోల కూసోబెట్టిండ్రు. ఇద్దర్ని కలిపింది నేను. ఒక నెగెటివ్ పెట్టి సగం కాయితం నల్ల అట్టతోటి మూసుడు, ఇంకోటి పెట్టి ఈ సగం మూసుడు. అట్టను ఊకె కదిలిస్తనే ఉండాలె. ఒక్క గడియ ఆగితె గీత పడ్తది. బొట్టు సుత నేనే పెట్టిన, సన్న బ్రష్షుతోటి."

"వారెవ్వా సార్," అన్నడు పెండ్లి ఫొటో పిలగాడు.

"ఆగు, అసలు తిప్పలు చెప్పలే. పెండ్లాం ఎప్పటికి మొగనికి ఎడమపక్క ఉండాలె. అది కాయిదా. ఈమెను గట్లనే కూసోబెట్టినం. కాని ఈ మైసన్న ఉన్నడే, ఒంటి ఫొటోల బయటి దిక్కు చూస్తున్నడు. పెండ్లాం ఈడ ఉంటె మొగడు ఆడ చూసుడా? అలిగిపోయినట్టు ఉంటది. సేటు తల పట్టుకున్నడు. నేనేం చేసిన్నో చెప్పుండ్రి."

"నెగెటివ్ తిప్పి పెట్టిన్రా సార్?" అన్నది హారిక.

"శభాష్ బిడ్డా! ఇగో, గీ పోరికి పని వచ్చింది."

హారిక మాత్రం నవ్వలే. ఫొటోల తాత మొకాన్నే చూసుకుంట నిలబడ్డది. "అంటె తాత మొకం కుడి ఎడమ అయింది గదా సార్."

"అయితె ఏంది? మనిషి మనిషే గదా."

"మా నాయినమ్మ ఈయన మా తాత గాదంటది సార్."

పోరగాండ్లు గొల్లున నవ్విండ్రు. హారిక మొకం ఎర్రగైంది. "నవ్వకుండ్రి. నేను పుట్టకముందుసంది గట్లనే అంటున్నదట. ఈ ఫొటోకు దండం పెట్టదు. తాత సంవత్సరీకం నాడు ఇంటిల్లిపాది మొక్కుతుంటె ఆమె పొయ్యికాడ కూసుంటది. మా బాపు ఏటేటా తిడ్తడు. మా చిన్నతాతయితె మొగనిమీద ప్రేమ, పావురం లేని మనిషి అని వాడకట్టంత చెప్పిండు. కన్ను గీ పక్క గాదు ఆ పక్క అని ఆమె మొదట్ల చెప్పిందట సార్. ఫొటో అబద్ధం చెప్తదా, నువ్వు చెప్తున్నవా అన్నరట. గప్పటిసంది చెప్పుడు బంద్ చేసింది."

ఆశన్నకు చురుక్కుమన్నది. ముప్పై మూడేండ్లల్ల ఆయన చేసిన జోడి ఫొటోకు ఒక్క గిరాకి వంక పెట్టలే. పెట్టినోళ్లు ఉన్నరని ఇయ్యాల తెలుస్తున్నది, అదీ పిల్లల ముంగట.

"చూడు బిడ్డా, ముసలోళ్లకు మనసుల ఏదో పడ్తది. తిప్పితె మొకం మారదు. రేపు రెండు తీరుల తీసి నీ చేతుల పెడ్త. ఈసమంత తేడా ఉంటె నా పేరు ఆశన్న గాదు."

గురువారం పొద్దుగాల ఆశన్న ఒక బిస్కెట్ల డబ్బ చంకల పెట్టుకొని వచ్చిండు. రీళ్ల పని బందైన ఏడు సేటు నెగెటివ్‌లన్నీ వెండి తీసేటోళ్లకు కిలోల లెక్క అమ్మేసిండు. జోడి నెగెటివ్‌లను మాత్రం ఆశన్న ఒకరోజు ముందు అంగిలోపల పెట్టుకొని ఇంటికి తెచ్చుకున్నడు. దొంగతనమే అనుకో. కాని ఆయన చేసిన పనికి ఇంకేం సాక్ష్యం ఉన్నది? సేటు పేరు బోర్డుమీద ఉండె. ఆశన్న పేరు ఈ డబ్బలనే ఉండె.

మైసన్న కవరు దొరికింది, దాంట్ల ఆయనది ఒకటి, సాలవ్వది ఒకటి. మైసన్న నెగెటివ్‌ను అంచులు పట్టి తీసి, నోటితోటి దుమ్ము ఊదిండు. పోరగాండ్లు చుట్టూ నిలబడ్డరు, కృపాజ్యోతి మేడం సుత వచ్చింది. తలుపు మూసి ఎర్రలైటు వేసిండ్రు.

మొదలు తిప్పి పెట్టి తీసిండు, అప్పట్ల చేసినట్టే. వెలుగు పెట్టి, మనసుల అంకెలు లెక్కబెట్టి, బందు చేసి, కాయితాన్ని ట్రేల జారవిడిచిండు. ట్రే మూలను లేపుడు, దించుడు. కొద్దిసేపటికి తెల్ల కాయితంమీద కనుబొమ్మలు తేలినయి, మీసం తేలింది, మొకం వచ్చింది. మూడు రోజులసంది చూస్తున్నా పోరగాండ్లు ఇంకా "హా" అంటనే ఉన్నరు. తర్వాత నెగెటివ్ తీసి, మెరిసే పక్క పైకి, ఉండాల్సిన తీరుల పెట్టిండు. అదే వెలుగు, అదే లెక్క. రెండూ నీళ్లల్ల కడిగి, ఒక పలకమీద పక్కపక్కన పరిచి, "తలుపు తీయుండ్రి" అన్నడు.

ఎండ వెలుగు పలకమీద పడ్డది. రెండూ ఒక్కటే గదా అని చెప్పెటందుకు ఆశన్న నోరు తెరిచిండు. తెరిచిన నోరు గట్లనే ఉన్నది.

మైసన్నకు ఎడమ కన్ను రెప్ప కొంచెం వాలి ఉన్నది. పెదువు కూడ అదే పక్కకు ఈసమంత గుంజుకొని ఉన్నది. తిప్పిన దాంట్ల గవి కుడిపక్కకు వచ్చినయి. గంతే. కాని తిప్పిన ఫొటోల ఉన్నాయన ఎవరేమన్నా ఊ కొట్టే నెమ్మదస్తుడు. సక్కగ తీసిన దాంట్ల ఉన్నాయన మొండోడు, మాట పడనోడు, ఇప్పుడో ఇంకాసేపటికో నవ్వెటట్టు ఉన్నోడు. ఇద్దరు అన్నదమ్ముల లెక్క ఉన్నరు. ఒక్క మనిషి లెక్క లేరు.

"వేరే మనిషి సార్," అని పెండ్లి ఫొటో పిలగాడు మెల్లగ అన్నడు.

ఆశన్న రెండు కాయితాలను అటిటు మార్చి చూసిండు. దూరం జరిగి చూసిండు. అద్దాలు తీసి తుడుచుకొని చూసిండు. తడి ఆరితె తేడా పోతదేమో అని ఒక చిన్న ఆశ. తడి ఆరింది, తేడా పోలే.

పోరగాండ్లు చాయ్‌కి పోయినంక కృపాజ్యోతి మేడం దగ్గరికి వచ్చింది. "సార్, రేపు ప్రిన్సిపాల్ సారు వస్తరు. నడుమ ఈ జోడి ఫొటో పెడ్దమనుకున్నం గదా, దానికి బదులు వేరేది పెడ్దం. ఎవరికి ఏం తెలుస్తది? హారికతోటి నేను మాట్లాడ్త."

"వేరేదంటె ఏది మేడం?" ఆశన్న డబ్బ మూత తీసి చూపిండు. నిండ కవర్లు. "గీటిల సగం తిప్పినయే. బయటికి చూస్తున్నోళ్లను అందరిని నేను లోపటికి తిప్పిన. సక్కగ కనపడాలెనని తిప్పిన. గా ఇండ్లల్ల ఎవరెవరు ఏమనుకుంటున్నరో నాకేం ఎరుక?"

ఆశన్నకు సిగ్గనిపించింది. తప్పు చేసినందుకు కాదు, తప్పు ఎవరు చెయ్యరు? ఒక ఆడమనిషి మొగని మొకం తనకు ఎరుక అని చెప్పితె, ఆమె మాటకంటె ఆయన తిప్పిన కాయితం మాటకే ఊరంత విలువ ఇచ్చింది. ఆ కాయితాన్ని ఆయన ముప్పై మూడేండ్లు గీరగ చెప్పుకున్నడు. పైగ నిన్న పిల్లల ముంగట ఆమెను ముసలోళ్లకు మనసుల ఏదో పడ్తదని కూడ అన్నడు.

చాయ్ తాగి వచ్చిన హారికను పిలిచిండు. "మీ ఎల్లారెడ్డి బస్సు ఎన్ని గంటలకు బిడ్డా?"

"రెండింటికి ఒకటున్నది సార్. ఎందుకు?"

"నేను సుత వస్త."

ఎల్లారెడ్డిల దిగి సందులల్ల నడిచి పోయేవరకు నాలుగు కొట్టింది. రేకుల ఇల్లు, ముందట చిన్న అరుగు. అరుగుమీద సాలవ్వ చేట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతున్నది. ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, మూతి మడుచుడు, దారం కట్టుడు. చేతులను చూడకుండనే చేస్తున్నది. మనుమరాలి ఎనుక ఎవరో ముసలాయిన వస్తున్నడని కొంగు సదురుకున్నది.

"నాయినమ్మా, మాకు ఫొటోల పని నేర్పే సారు," అన్నది హారిక. "తాత ఫొటో చేసింది ఈయననే."

సాలవ్వ చేతులు ఆగినయి. ఆశన్నను కిందికెంచి మీదికి ఒకసారి చూసింది. "కూసో తమ్మీ," అన్నది, అంతే. మళ్ల ఆకు తీసుకున్నది.

ఆశన్న అరుగుమీద కూసున్నడు. సంచిలకెంచి ఒక్క కాయితం తీసిండు, సక్కగ తీసింది. ఆమె ముందట పట్టిండు.

సాలవ్వ తీసుకోలే. చేట పక్కకు పెట్టి, లేచి, బకెటుకాడికి పోయి తంబాకు చేతులు కడుక్కున్నది. కొంగుకు తుడుచుకున్నది. వచ్చి కూసొని, అప్పుడు తీసుకున్నది. ఎడమ కన్నుమీద బొటనవేలు పెట్టింది. శానసేపు గట్లనే చూసింది.

"గాయినె," అన్నది.

ఎరువుల దుకాణంల పని చేసే రాజేశం అప్పుడే సైకిల్ మోటార్ ఆపి లోపటికి వస్తున్నడు. సాలవ్వ కొడుకు, హారిక బాపు. "ఎవరు బిడ్డా?" అని అడిగి, సంగతి విని, అవ్వ చేతిల ఫొటో వంగి చూసిండు. "గిది బాపు గాదు గదా," అన్నడు చప్పున.

రాజేశంకు ఎనిమిదేండ్లు ఉన్నప్పుడు మైసన్న బాయి తవ్వంగ ఒడ్డు మీద కూలి సచ్చిపోయిండు. కొడుకుకు బాపు అంటె గోడమీది బాపే. హారిక సంచిలకెంచి రెండో కాయితం తీసి పక్కకు పెట్టింది. నెగెటివ్ తిప్పితె ఏమైతదో చెప్పింది, మెరిసే పక్క సంగతి చెప్పింది, తప్పు లేకుండ. రాజేశం అదిటు ఇదటు చూసిండు, అవ్వ దిక్కు చూసిండు. ఏటేటా సంవత్సరీకం నాడు తిట్టిన తిట్లన్నీ ఒక్కసారే యాదికొచ్చినట్టున్నయి. అరుగు అంచుకు కూలబడ్డడు.

"అవ్వా, నువ్వన్న గట్టిగ చెప్పకపోతివి," అన్నడు.

"సెప్పలేదారా? మీ చిన్నబాపుకు సెప్పిన, మీ మేనత్తకు సెప్పిన, నువ్వు పెద్దగైనంక నీకు సెప్పిన. ఫొటో అబద్ధమాడదని నువ్వే అంటివి. ఆయిన ఎడమ పక్కకు పన్నెండేండ్లు పండుకున్న. కన్ను ఏ పక్క వాలి ఉంటదో నాకెరుకనా, మీకెరుకనా?" గొంతు పెంచలే. ఆశన్న దిక్కు తిరిగింది. "నిన్నొకటి అడుగుత తమ్మీ. ఎందుకు తిప్పినవ్?"

"సక్కగ ఉండాలెనని అక్కా. ఆయన బయటికి చూస్తుండె. ఇద్దరు ఎదురెదురు ఉంటె మంచిగుంటదని."

"నీ సక్కదనం పాడుగాను. నీ సక్కదనానికి నన్ను గుణం లేనిదాన్ని చేస్తివి గదనయ్యా."

"తప్పయింది అక్కా. గది చెప్పెతందుకే వచ్చిన."

సాలవ్వ ఫొటోను ఒళ్లె పెట్టుకున్నది. "బొట్టు మాత్రం మంచిగనే పెట్టినవ్. బొట్టుకు నేనేం అన్లే," అన్నది. హారిక ఫక్కున నవ్వి నోరు మూసుకున్నది.

రాజేశం లేచి చాయ్ పెట్టిచ్చిండు. ఆశన్న చాయ్ తాగుకుంట ఆలోచించిండు. "అక్కా, రేపటివరకు నాకు ఆ రూం ఉన్నది. ఒంటి ఫొటో మంచిగ పెద్దగ తీసిస్త. జోడి మాత్రం కాదు. సక్కగ పెడితె ఆయన మళ్ల బయటికే చూస్తడు. నువ్వు ఆయన దిక్కు చూస్తుంటవు, ఆయన నీకు వీపు పెడ్తడు. చూసినోళ్లు ఇద్దరికి పడదంటరు."

సాలవ్వ ఫొటోను అరచేతిల పెట్టి దూరం పట్టి చూసింది. పక్కల తను ఏడ ఉంటదో ఏలుతోటి గాలిల గీసుకున్నది.

"జోడియే చెయ్యి," అన్నది.

"మంచిగుండదు అవ్వా," అన్నడు రాజేశం.

"మేము ఎదురెదురు ఎన్నడు కూసున్నం రా? కూసునెతందుకు యాళ్ల ఏడిది? పనికి పోయేటప్పుడు ముందుగాల ఆయిన నడుస్తుండె, ఎనుక నేను. గడ్డపార ఆయిన బుజంమీద, తట్ట నా నెత్తిమీద. వచ్చేటప్పుడు గంతే. పన్నెండేండ్లు ఆయిన ఎనుకనే నడిచిన. ఆయిన ముందటికి సూడాలె, నేను ఆయిన్ని సూడాలె. గట్ల చెయ్యి."

ఆశన్న చాయ్ కప్పు కింద పెట్టిండు. ఐదువందల జోడీలు చేసిండు, ఒక్క జోడిని కూడ మీరిద్దరు ఎట్ల ఉంటుంటిరి అని అడగలే. "చేస్త అక్కా. రేపు మాపటికల్ల హారిక చేతికి ఇస్త," అని లేచిండు.

"ఎందుకు? మళ్ల తిప్పుతవు. నేనే వస్త."

"నాయినమ్మా!" అన్నది హారిక.

"వస్త అంటున్న గదా. నా కండ్ల ముందట చెయ్యాలె. గిన్నేండ్లు మీరు సూసింది నేను సూసిన, ఇప్పుడు నేను సూసేది మీరు సూడుండ్రి."

శుక్రవారం తొలి బస్సుకే సాలవ్వ కామారెడ్డిల దిగింది, కొత్త చీర కట్టుకొని, బీడీ పని ఒక రోజు నాగా పెట్టి. రాజేశం సుత దుకాణంల చెప్పి వెంట వచ్చిండు. ల్యాబు గోడమీద పోరగాండ్ల ఫొటోలు అప్పటికే వరుసగ పెట్టి ఉన్నయి, నడుమ జాగ ఒకటి ఖాళీగ ఉన్నది. మేడం ఆశన్న దిక్కు చూసింది. "పెడ్దం మేడం," అన్నడు ఆయన. "పక్కన పాతది సుత పెడ్దం. కింద రాయిండ్రి, ఇది ఆశన్న తిప్పింది అని. పిల్లలు నేర్చుకోవాలె గదా." గీర పోయిందని కాదు, చెప్పేతీరు మాత్రం మారింది.

సామాన్ల రూంల సాలవ్వకు స్టూలు వేసిండ్రు. తలుపు మూసి ఎర్రలైటు వెయ్యంగనే ఆమె హారిక చెయ్యి పట్టుకున్నది. ఆశన్న నెగెటివ్‌ను లైటుకు పట్టి చూపిండు.

"ఓ అవ్వో, మొకం నల్లగ, ఎంటికలు తెల్లగ, గిట్లెందుకున్నడు?"

"ఉల్టా ఉంటది అక్కా. కాయితంమీద సక్కగైతది. ఇగో, గీ మెరిసే పక్క పైకి ఉండాలె. నువ్వే పెట్టు."

సాలవ్వ అంచులు పట్టుకొని, అటు మలిపి ఇటు మలిపి, మెరుపు చూసుకొని పెట్టింది. పెట్టినంక ఇంకోసారి వంగి చూసింది. ఆశన్న నల్ల అట్ట పట్టిండు. మైసన్నకు సగం కాయితం, అట్ట కదులుతనే ఉన్నది. నెగెటివ్ మార్చి సాలవ్వకు సగం కాయితం, మళ్ల అట్ట కదులుతనే ఉన్నది. ఆశన్న నోటిల అంకెలు గొణుగుతుంటె పన్నెండు మంది పోరగాండ్లు లోలోపల వెంట లెక్కబెట్టిండ్రు. లైటు బందయింది. కాయితం ట్రేలకు జారింది.

మొదలు సాలవ్వ చీర అంచు తేలింది. తర్వాత ఆమె మొకం, ముప్పై ఒక్కేండ్ల పడుచు మొకం. ఆ మొకాన్ని సాలవ్వ పట్టించుకోలే. ముందుపక్క తెల్ల జాగనే చూస్తున్నది. అక్కడ మీసం తేలింది, కన్ను తేలింది, రెప్ప వాలి ఉన్న ఎడమ కన్ను. మైసన్న ముందటికి చూస్తున్నడు, ఆమె ఎనుక ఉన్నది. వెనుక నిలబడ్డ రాజేశం ముందటికి వంగి చూసిండు. ఆయన ఇప్పుడు ఫొటోల ఉన్న బాపుకంటె ఆరేండ్లు పెద్ద.

మొకం గోధుమరంగుకు రాంగనే ఆశన్న చెయ్యి దానంతట అదే ట్రేలకు పోయింది. అది స్టూడియో అలవాటు. మొకం ఇంకా నల్లబడకముందే తీసెయ్యాలె. తెల్లగ ఉంటెనే గిరాకి మెచ్చుతది. కాయితం మూలను వేళ్లు పట్టుకున్నయి.

సాలవ్వ ఆయన మణికట్టు పట్టుకున్నది. "ఆగు."

"నల్లగైతది అక్కా."

"కానియ్యి. ఎండల బాయిలు తవ్వినోడు. తెల్లగ ఎన్నడున్నడు?"

ఆశన్న వేళ్లు వదిలిండు. కాయితం మందునీళ్లల్ల ఉన్నది, సాలవ్వ చెయ్యి ఆయన మణికట్టుమీద ఉన్నది, తంబాకు చుట్టి చుట్టి గట్టిపడ్డ చెయ్యి. మైసన్న మొకం నల్లబడుతున్నది. చెంపలమీద అమ్మవారి మచ్చలు తేలినయి, మెడమీద నరం తేలింది, వాలిన రెప్ప కింద కన్ను మెరిసింది. ముప్పై మూడేండ్లసంది ఆశన్న ఏ మొకాన్ని మందునీళ్లల్ల ఇంత సేపు ఎన్నడు ఉంచలే. సాలవ్వ ఏడుస్తున్నది. కండ్లు తుడుచుకోలే, తుడిస్తె ఆ గడియ చూడకుండ పోతనని. వంగి వంగి మొకం ట్రే దగ్గరికి తెచ్చింది.

ఆమె పట్టు వదిలింది.

"ఇగ తియ్యి," అన్నది.

ఆశన్న తీసిండు.